అమ్ఘరా నుంచి ఒక ఊఁ

శుక్రవారం కాబట్టి అమ్ఘరా ఇంకా లేవలేదు. టైము ఆరుకు పావు తక్కువ. తూర్పున ఇప్పుడిప్పుడే బూడిదరంగు పలచబడుతోంది. మీరు నిలబడ్డ దారికి రెండు పక్కలా రేకుల గోడలు, గోడల వెనక కార్ల గుట్టలు. తలుపులు ఊడదీసినవి, ఇంజన్ పీకేసినవి, ఒకదాని నెత్తిన ఒకటి. వారమంతా ఇక్కడ ఇనుము ఇనుముతో పోట్లాడుతూనే ఉంటుంది. ఈ పూట మాత్రం క్రేను మెడ వంచుకుని ఊరకే నిలబడింది. ఎక్కడో వదులైన రేకు గాలికి టకటకమంటోంది. ఒక పక్క నుంచి కోసిన కలప వాసన, ఇంకో పక్క నుంచి మాడిన ఆయిలు వాసన.

కువైట్ నగరానికి పడమట, జహ్రా గవర్నరేట్‌లో ఉంది అమ్ఘరా. ఇల్లు కట్టేవాళ్లు కలపకీ ఇనుముకీ ఇక్కడికి వస్తారు. బండి చచ్చిపోతే దాన్ని వదిలించుకోవడానికీ ఇక్కడికే వస్తారు. వానెట్లనే పికప్ బండ్లు, హాఫ్ లారీలు, ట్రెయిలర్లు, మసి బట్టల మనుషులు. ఎంత దూరం చూసినా మీ కంటికి ఒక్క పిల్లా కనపడదు. అయినా మనం ఇంత పొద్దున్నే వచ్చింది ఒక పిల్ల చదువుతుంటే వినడానికే.

యార్డు వెనక గది తలుపు తోసి లోపలికి రండి, చప్పుడు చేయకుండా. నాలుగు మంచాలు, ఒకదాని మీద ఒకటి. పై మంచం మనిషి గురక పెడుతున్నాడు. కింది మంచానికి లుంగీయే పరదా. ఆ పరదా పక్కన పీట మీద కూర్చున్నాయనది రాజంపేట పక్క పల్లె. పేరు మనకు అక్కర్లేదు, వాళ్ల పాప పిలిచినట్టు నాయన అనే అనుకుందాం. టీ కాచుకున్నాడు. రెయిన్‌బో పాలడబ్బాకు ఫోను ఆనించి నిలబెట్టాడు. ఇమో మోగుతోంది.

అక్కడ ఎనిమిదీ ఇరవై. తెర మీద ముందు ఇంటి దూలం కనబడింది, తర్వాత సగం గడ్డం, తర్వాత దువ్వెన పట్టుకున్న ముసలి చెయ్యి. పాపకు జేజి జడ వేస్తోంది. పాప ఒళ్లో పల్చటి బొమ్మల పుస్తకం.

"నాయనా, వినపడతాండాదా?"

"వినపడతాంది. చదువు మా."

"అవ్వ... గొడు... గు... గొడుగు తెరిచింది."

"ఊఁ."

"గొడుగులో... చి... ల... చిలు..." వేలు వెనక్కి పోయింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. "చిల్లు! గొడుగులో చిల్లు ఉంది."

"ఊఁ."

గమనించారా? పాప తప్పు చదివినప్పుడు ఆయన పెదవి కదిలింది, మాట మాత్రం రాలేదు. మూడు నెలల కిందట అయితే వచ్చేది. "ఒత్తు యాడ పాయ? మళ్లా చదువు" అనేవాడు. రెండు రోజులు అట్లా అయ్యాక పాప నిద్రొస్తాందని చెప్పింది. మూడో రోజు ఫోను దగ్గరికే రాలేదు. అప్పుడు జేజి ఫోనందుకుని కొడుకును కడిగిపారేసింది: "నేను కత చెప్తాంటే నువ్వు ఊ కొట్టేటోనివా, తప్పులు పట్టేటోనివా? అది చదవతాంటే నీకేం రోగం, ఊ కొట్టేదానికి?"

ఆ రోజు నుంచి ఊ కొడుతున్నాడు. కథ ఎంత వినాలనిపిస్తే ఊ అంత సాగుతుంది. చిల్లు గొడుగు అవ్వ వెంట ఒక మేక ఉంది. వానకు మేక తడుస్తుంది. అవ్వ జాలిపడి మేకనూ గొడుగు కిందికి లాగుతుంది. గొడుగు గాలికి...

"తర్వాత?"

"టైమయింది నాయనా. బడికి పోవాల."

"మేక ఏమాయ, అది చెప్పి పో."

"నాకూ తెలీదు. నేనింకా చదవలే కదా!"

తెర నల్లబడింది. నాయన ఒంటరిగా నవ్వుకుని టీ గ్లాసు ఎత్తాడు. టీ చల్లారింది.

బయటికి రండి, ఈయన వెంట నాలుగడుగులు నడుద్దాం. అదిగో లారీలు తూచే కాటా. ఆరో తరగతిలో బడి మానేసిన ఈ మనిషి కాటా చీటీ మీది అరబ్బీ అంకెలు మీకంటే వేగంగా చదువుతాడు. అరబ్బీ అయిదు అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా ఏమో ఒక చుక్క. మొదటి నెలలో అయిదును సున్నా అనుకుని లెక్క తప్పి రాసుకున్నాడు. "నాకు ఎవురూ నేర్పలే. ఈ చీటీనే నేర్పిచ్చింది" అంటాడు. అంకెల తర్వాత అక్షరాల మీదికి మనసు పోయింది. ఒకరోజు బస్సులో వస్తూ దారిలో బోర్డు చూశాడు. అలిఫ్, మీమ్, నెత్తిన చుక్కతో గైన్, ఆ పక్కన రా. కలిపి చదివితే తానుండే ఊరే. అమ్ఘరా! పక్కవాణ్ని మోచేత్తో పొడిచి చదివి వినిపించాడు. పక్కవాడు ఆవలించి కిటికీ వైపు తిరిగాడు. ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఆ ఆవలింత ఈయనకు ఇప్పటికీ గుర్తుంది.

*

గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పండి. ఇప్పుడు మనం పాప బళ్లో ఉన్నాం. ఎర్రమట్టి ఆవరణ, ఒక వేపచెట్టు, వసారా, రెండు గదులు. ఊళ్లో సగం ఇళ్లకు కువైట్‌తో చుట్టరికం ఉంది. ఒకరి నాయన డ్రైవరు, ఒకరి చిన్నాయన మేస్త్రీ, ఒకరి అమ్మ ఖాదిం వీసా మీద ఇంటిపనిలో. రాజంపేట, కోడూరు, రాయచోటి చుట్టుపక్కల బళ్లలో ఇది వింతేమీ కాదు. పిల్లల్ని పెంచేది జేజిలే. వాళ్లలో చాలామందికి కథలు వచ్చు, అక్షరాలు రావు.

గదిలో ముందు మీ చేతికి తగిలేది తాడు. ఈ గోడ మేకు నుంచి ఆ గోడ మేకుకు, పిల్లల ఛాతీ ఎత్తున కట్టారు. దానికి బట్టల క్లిప్పులతో పుస్తకాలు వేలాడుతున్నాయి, అట్ట మీది బొమ్మ ఎదురుగా కనిపించేలా. 'మంచి పుస్తకం' వాళ్లవి, ప్రథమ్ బుక్స్ వాళ్లవి, స్టోరీవీవర్ నుంచి దించి అచ్చు తీయించి కుట్టినవి. 2015లో మొదలైన ఆ వెబ్‌సైటులో కథలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, తిరగరాసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు. మూల చూడండి, ఒక అట్టపెట్టె. దాని మీద పిల్లల చేతిరాత: పుస్తకాల ఆసుపత్రి. లోపల జిగురు, టేపు, కత్తెర.

ఈ ఆసుపత్రి లేకముందు ఇక్కడొక ఇనప బీరువా, దానికో తాళం ఉండేవి. పుస్తకం పోతే రిజిస్టరులో ఎవరి సంతకం ఉంటే వాళ్లు జవాబు చెప్పాలి కాబట్టి టీచర్ బీరువా తెరిచేది కాదు. తనిఖీకి వచ్చినవాళ్లు లెక్కపెట్టి, సరిపోయాయని రాసి వెళ్లేవాళ్లు. అన్నీ ఉండేవి, కొత్తగా, వాసన కూడా పోకుండా. రాజంపేట మండలంలోనే ఉన్న తాళ్లపాక వాళ్లకు ఈ కథ కొత్తది కాదు. అన్నమయ్య పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో అరలో పెడితే, అవి 1922 ప్రాంతంలో మళ్లీ పండితుల చేతికి వచ్చేదాకా వందల ఏళ్లు భద్రంగా ఉన్నాయి, అంతే. చినగని పుస్తకమంటే ఎవరూ చదవని పుస్తకమని టీచర్ ఒక వేసవిలో నిర్ణయించుకుంది. బీరువాలో ఇప్పుడు చాక్‌పీసులూ ఆటల బంతులూ ఉన్నాయి.

ప్రార్థన అయింది, హాజరు అయింది. గంట కొట్టలేదు. టీచర్ బల్ల మీది పలకను బోర్లించింది, అంతే. ఇరవైమంది తాడు మీద పడ్డారు. మీరు గోడకు అంటుకుని నిలబడకపోతే ఎవరో ఒకరు కాలు తొక్కుతారు.

ఈ పదిహేను నిమిషాలకు ఇక్కడ మూడే కట్టుబాట్లు. ఎవరి పుస్తకం వాళ్లే ఏరుకోవాలి. మూడు పేజీలు చూసి నచ్చకపోతే మార్చుకోవచ్చు. చదివినదాని మీద ఎవరూ ప్రశ్నలు వేయరు.

పుస్తకం తన శక్తికి తగిందో లేదో పిల్లలే తేల్చుకోవడానికి ఒక చిట్కా ఉంది, చూడండి. ఒకడు పుస్తకం తెరిచి, తెలియని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు ముడుస్తున్నాడు. పేజీ అయ్యేలోపు అయిదు వేళ్లూ ముడుచుకుపోతే ఆ పుస్తకం ఇప్పటికి వద్దు. వాడి పిడికిలి మూసుకుపోయింది. సిగ్గేమీ పడకుండా లేచి వెళ్లి ఇంకోటి తెచ్చుకున్నాడు. అయిదు వేళ్ల లెక్క ఇంగ్లీషు బళ్లలో చాలాకాలంగా ఉంది. మన ఒత్తుల లిపికి కొంచెం సవరించుకోవాలి, ఎందుకంటే తెలుగు పిల్లకు అడ్డం తగిలేది చాలాసార్లు మాట కాదు, ఒత్తు.

దగ్గరికి రండి, ఈ రెండో తరగతి పిల్లాడి పక్కన కూర్చోండి. వేలు 'చెట్టు' దగ్గర ఆగింది. 'చె' పలికాడు. తర్వాత 'ట' చూశాడు, దాని కొమ్ము చూశాడు. 'చెటు' అన్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ప్రపంచంలో 'చెటు' అనేది లేదని వాడికి తెలుసు. వేలు ఒక నూలుపోగంత కిందికి జారింది, ఒత్తు తగిలింది. బొమ్మలో చింతచెట్టు ఉంది. "చెట్టు." పైకి అనలేదు, పెదవులతో అన్నాడు. ఎవరూ భేష్ అనలేదు. భేష్ అంటే వాడు తలెత్తి మనవైపు చూసేవాడు. ఇప్పుడు తర్వాతి మాటలోకి వెళ్లిపోయాడు.

మరి టీచర్ ఏం చేస్తోంది? హోంవర్కు దిద్దుతోందనుకుంటున్నారా? తనూ కింద కూర్చుని ఒక నవల చదువుకుంటోంది. పిల్లలు అప్పుడప్పుడూ దొంగచూపు చూస్తారు, నిజంగా చదువుతోందా, నటిస్తోందా అని. ఒకరోజు చదువుతూ చదువుతూ కళ్లు తుడుచుకుంది. ఆ పూట తాడు మీద పుస్తకాల కోసం కొట్లాట రెట్టింపయింది.

అందరూ కలిసి మౌనంగా ఎవరి పుస్తకం వాళ్లు చదువుకునే ఈ పద్ధతికి పాత చరిత్రే ఉంది. 1960లలో అమెరికాలో వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన లైమన్ హంట్ దీన్ని బళ్లలోకి తెచ్చాడు. అక్కణ్నుంచి పేర్లు మార్చుకుంటూ ఊళ్లూ దేశాలూ తిరిగింది. కరోనా మూతల తర్వాత బళ్లు తెరిచిన 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో 'చదవడం మాకిష్టం' అన్న పేరుతో ప్రభుత్వమే ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అయితే పుస్తకం చేతికిచ్చి కూర్చోబెడితే చాలు, చదువు దానంతటదే వస్తుందనుకుంటే పొరపాటే. 2000లో అమెరికా జాతీయ పఠన మండలి పరిశోధనలన్నీ వడబోసి, మౌనపఠనం ఒక్కటే చదివే శక్తిని పెంచుతుందనడానికి చాలినంత రుజువు లేదని తేల్చింది. నోరు మూసుకుని పుస్తకం పట్టుకున్న పిల్ల చదువుతోందో, పేజీలు లెక్కపెడుతోందో బయటికి తెలియదు కదా.

ఈ టీచర్‌కు ఆ నివేదిక సంగతి తెలియకపోయినా ఆ అనుమానం మొదటివారమే వచ్చింది. అందుకే పదిహేను నిమిషాల్లో రోజుకు ఇద్దరి దగ్గరికి జరుగుతుంది. పాక్కుంటూ అన్నట్టు, లేవకుండానే. "నాకు కొంచెం వినిపిస్తావా?" అని చెవిలో అడుగుతుంది. ఒక పేజీ వింటుంది. ఊ కొడుతుంది. ఏ ఒత్తు దగ్గర తడబడ్డారో తన నోటుబుక్కులో రాసుకుంటుంది, మధ్యాహ్నం పాఠంలో ఆ ఒత్తు వస్తుంది. ఇప్పుడు ఇక్కడ మాత్రం దిద్దదు. దిద్దే గంట వేరు, వినే గంట వేరు.

దిద్దే గంట అవసరం ఎంతుందో అంకెలే చెబుతాయి. ఊరూరా ఇళ్లకు వెళ్లి పిల్లల చదువు చూసే 'అసర్' సర్వే వాళ్ల కాగితం మీద నాలుగు మెట్లుంటాయి: అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. దేశం మొత్తమ్మీద గ్రామాల్లోని ప్రభుత్వ బళ్లలో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ మెట్టు ఎక్కినవాళ్లు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరుగుదలే. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా కథ గుమ్మం బయటే ఉన్నారు. మూడో తరగతి అయ్యేసరికి అందరికీ చదవడం రావాలని 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ 2026-27ను గడువుగా పెట్టుకుంది. గడువులు పెద్దవాళ్లవి. గుమ్మం బయట నిలబడ్డ పిల్లకు లోపలికి రావాలనిపించాలి, అసలు చిక్కు అక్కడే.

గోడ మీద చూడండి, నాలుగు మూలలా జిగురు మచ్చలున్న ఖాళీ జాగా. అక్కడ నక్షత్రాల చార్టు ఉండేది. పుస్తకం చదివితే ఒక నక్షత్రం, పది నక్షత్రాలకు ఒక పెన్సిలు. మొదటి నెల బడి హోరెత్తిపోయింది. రెండో నెలకు అందరూ తాడు మీద అన్నిటికంటే పల్చటి పుస్తకాలకే ఎగబడ్డారు. మూడో నెల పెన్సిళ్లు అయిపోయాయి, చదువూ అయిపోయింది. 1973లో అచ్చయిన ఒక ప్రయోగం ఇదే చెప్పింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ బళ్లో రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లల్ని తీసుకుని, కొందరికి బొమ్మ వేస్తే మెచ్చుకోలు పత్రం ఇస్తామని ముందే ఆశపెట్టారు. కొన్నాళ్లకు ఆ ఆశపడ్డ పిల్లలే మిగతావాళ్లకంటే రంగు పెన్నుల జోలికి తక్కువ వెళ్లారు. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగమిది. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే అది కూలిపనే అవుతుంది.

టీచర్ చార్టు చింపేసింది. ఆ జాగాలో ఏం పెట్టాలో ఇంకా తోచలేదు, ఖాళీగానే ఉంచింది.

కిటికీ దగ్గర కూర్చున్నవాణ్ని చూడండి. వాడి చేతిలో పుస్తకం లేదు. వాడికి పుస్తకాలు పడవు. కానీ ఊళ్లోకి వచ్చే ఆర్టీసీ బస్సంటే ప్రాణం. వాడు మొదట చదివిన మాట అమ్మ కాదు, ఆవు కాదు, పల్లె వెలుగు. 'ల' కింద ఇంకో 'ల' ఎందుకుందో పాఠంలో ఎక్కని వాడికి బస్సు నుదుటి మీద ఎక్కింది. అది గమనించిన టీచర్ బస్సు బోర్డుల మీది ఊళ్ల పేర్లన్నీ అట్టముక్కల మీద రాసి ఒక కట్ట కట్టి ఇచ్చింది. రాజంపేట, నందలూరు, ఒంటిమిట్ట, కడప. ఆ కట్టే వాడి పుస్తకం. ఇప్పుడు దాన్ని చదువుతూ నోటితో హారన్ కొడుతున్నాడు, చిన్నగా, ఎవరికీ అడ్డం రాకుండా. మౌనపఠనంలో ఇంతమాత్రం చప్పుడు చెల్లుతుంది.

అమ్ఘరాలో కాటా చీటీ గుర్తొచ్చిందా మీకు?

*

భోజనాలయ్యాయి. ఇది పుస్తకం రాసే గంట. వాడేసిన కాగితాల వెనకవైపు, రెండుగా మడిచి, మధ్యలో దారంతో కుట్టినవి. ఎనిమిది పేజీలు. దసరా సెలవుల్లో జేజిలు చెప్పిన కథలు, చెరువులో జారిపడ్డ కథలు, కుక్కపిల్ల కథలు. రాశాక అవీ తాడెక్కుతాయి. అచ్చు పుస్తకాలకంటే వీటికే గిరాకీ ఎక్కువ, ఎందుకంటే రాసినవాళ్లు పక్కనే ఉంటారు, నవ్వితే చూస్తారు.

మన పాప నాలుక కొన బయటపెట్టి రాస్తోంది. 'మా నాయన అంగరాలో ఉంటాడు.' రాసి, చదువుకుని, తల అడ్డంగా ఊపింది. ఫోనులో నాయన పలికేది ఇట్లా లేదు. గొంతు లోపల ఏదో గరగరలాడుతుంది. కొట్టేసి 'అమ్‌గరా' అని రాసింది. అదీ కాదు.

"టీచర్, మ కింద ఘ ఒత్తు ఎట్లుంటాది?"

టీచర్ నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో మ కింద ఘ ఒత్తు రాయాల్సిన పని పడలేదు. మన పిల్లల పుస్తకాల్లో 'ఘ' బతుకు రెండు మూడు మాటల్లోనే గడిచిపోతుంది: మేఘం, ఘటం, మహా అయితే ఘంట. దాని ఒత్తు అయితే వర్ణమాల పటం అడుగున, బొమ్మ కూడా లేకుండా, ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఉంటుంది. ఇద్దరూ పటం దగ్గరికి నడిచారు. పాప మునివేళ్ల మీద నిలబడి వేలితో వరస వెంట జరిగింది. క, ఖ, గ, ఘ. దొరికింది. టీచర్ నల్లబల్ల మీద పెద్దగా 'మ' రాసి, దాని కింద ఆ ఒత్తు కూర్చోబెట్టింది.

అమ్ఘరా.

బస్సు పిల్లాడు హారన్ ఆపి కూడబలుక్కున్నాడు. "అమ్... ఘ... రా. ఇది ఏ రూటులో ఉండాది టీచర్?"

గది అంతా నవ్వింది. నవ్వు సద్దుమణిగాక అందరూ పలకల మీద అదే రాస్తున్నారు. ఎవరూ రాయమనలేదు. వల్లెవేయమంటే ఏడాది పట్టే ఒత్తు అయిదు నిమిషాల్లో ఇరవై పలకలెక్కింది. సాయంత్రానికి పాప పుస్తకం తాడుకు వేలాడింది. దాన్ని మొదట తీసుకున్నది వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఒకటో తరగతి పిల్లాడు. వాడికి ఇంకా అన్నీ చదవడం రాదు. పాప పక్కన కూర్చుని చదివి పెట్టింది, వాడు ఊ కొట్టాడు. చివరి పేజీ అయ్యాక అడిగాడు: "మీ నాయనకు మాయమ్మ కనపడతాదా?" పాప దగ్గర జవాబు లేదు. "అడిగి చెప్తా" అంది.

తెలుగులో ఒక సొగసుంది. వండు, వండుకో. కుట్టు, కుట్టుకో. ఇంకొకరి కోసం చేసేదానికీ మన కోసం మనం చేసుకునేదానికీ మధ్య ఒక్క 'కో' తేడా. చదువు అనడానికీ చదువుకో అనడానికీ ఇదే తేడా ఉండాలి. కానీ బళ్లూ ఇళ్లూ కలిసి ఆ 'కో'ను ఎప్పుడో మింగేశాయి. "పోయి చదువుకో" అంటే ఏ ఇంట్లోనైనా పిల్లలు పాఠ్యపుస్తకం తీసి మొహం వేలాడేస్తారు. తన కోసం తాను అన్న అర్థం ఆ మాటలోనే ఉందని పెద్దవాళ్లకూ గుర్తులేదు. ఈ గదిలో తాడూ, ఆసుపత్రీ, బోర్లించిన పలకా, నక్షత్రాలు పీకేసిన గోడా చేస్తున్నదంతా ఆ పోయిన 'కో'ను వెతికి తేవడమే.

తన కోసం తాను చదువుకోవాలంటే మధ్యలో ఇంకొకరి ఊ ఎందుకని మీకు అనిపించవచ్చు. జేజి దగ్గర కథ విన్నవాళ్లకు తెలుసు. ఊ కొట్టకపోతే జేజి కథ ఆపేస్తుంది. ఊ అంటే మెప్పు కాదు, మార్కు కాదు. నీ వెనకే వస్తున్నాను, పద అని. చీకట్లో ముందు నడిచే పిల్లకు వెనక అడుగుల చప్పుడు వినబడితే చాలు, దారి తనే చూసుకుంటుంది. కొంతదూరం పోయాక ఆ చప్పుడూ అక్కర్లేదు.

*

మళ్లీ అమ్ఘరా. సాయంత్రం అయిదున్నర. మగ్రిబ్ నమాజు అయిపోయింది, పొద్దు గుంకి అరగంట దాటింది. సెలవు రోజు చివరి గంటలివి, రేపటి నుంచి క్రేను మళ్లీ మెడ ఎత్తుతుంది. గదిలో ఒకరు కూర తిరగమోత పెడుతున్నారు, ఒకరు బట్టలు ఆరేస్తున్నారు. పీట మీద మన నాయన. పాలడబ్బాకు ఫోను ఆనించి ఉంది. అక్కడ రాత్రి ఎనిమిది.

పాప ముందు తన పుస్తకం సంగతి చెప్పింది. కాగితం తెరకు మరీ దగ్గరగా పెట్టడంతో అక్షరాలు మసకబారాయి. "ఎనక్కి జరుపు మా." జరిపింది. ఆయన చదివాడు. మ కింద ఘ ఒత్తు. బస్సులో తానొక్కడే చదువుకున్న బోర్డు, నెత్తిన చుక్క పెట్టుకున్న ఆ గైన్, ఇక్కడ మ కింద ముడుచుకుని కూర్చుని ఉంది.

"కరెక్టేనా నాయనా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఊఁ" అన్నాడు. అది ఇవాళ్టి ఊలన్నిటిలోకీ పొడుగైనది.

తర్వాత ఒకటో తరగతి పిల్లాడి ప్రశ్న వచ్చింది. కువైట్ పెద్దదనీ, వాళ్లమ్మ ఉండే చోటు దూరమనీ చెప్పాడు. "కనపడితే చెప్తాలే" అని కూడా చేర్చాడు.

"ఇప్పుడు మేక కత" అంది పాప. ఫోనును స్టీలు గ్లాసుకు ఆనించింది. మీకూ మాకూ తెర మీద కనిపించేది ఒక చెవి, జడ చివర రిబ్బను, పుస్తకం పై అంచు.

"గాలికి గొడుగు ఎగిరి... పోయింది."

"ఊఁ."

"మేక గొడుగు ఎంట... కాదు... వెంట పరిగెత్తింది."

"ఊఁ."

"అవ్వ మేక వెంట పరిగెత్తింది."

"ఊఁ, తర్వాత?"

తర్వాతి వాక్యం కొంచెం చిన్నగా వచ్చింది. దాని తర్వాతది ఇంకా చిన్నగా. ఆపైన గుసగుస. నాయన ఫోను చెవి దగ్గరికి తెచ్చుకున్నాడు. గుసగుస కూడా పోయింది. తెర మీద రిబ్బను కదలడం లేదు. లైను తెగిందేమో అని చూశాడు, తెగలేదు.

"మా?"

జవాబు లేదు.

"పాపా, తర్వాత?"

జేజి ముఖం తెర మీదికి వంగింది, నోటి మీద వేలు పెట్టుకుని. "అరవగాక. చదువుకుంటాంది."

ఆయన కట్ చేయలేదు. తిరగమోత పెట్టేవాడు ఏమైందని సైగ చేస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది, సముద్రం దాటి, సన్నగా. కాసేపటికి ఇంకో పేజీ. ఆ తర్వాత పాప ఒక్కతే కిసుక్కున నవ్వింది.

మేక ఏం చేసిందో అమ్ఘరాలో ఇంకా ఎవరికీ తెలియదు.